రాపిడి పురాణం

అక్షయ తృతీయ దగ్గర పడుతోందంటే సింహాచలంలో చందనం అరగదీత మొదలవుతుంది. సానకీ చెక్కకీ రాపిడి లేకపోతే అప్పన్నకి గంధమే లేదు. అదే కొండ దిగి, గాజువాక ఆటోనగర్‌లో లేతు మిషను ముందు నిలబడ్డవాణ్ణి అడగండి, రాపిడి పేరెత్తితే మొహం చిట్లిస్తాడు! మరి రాపిడి మంచిదా, చెడ్డదా?

నట్టూ బోల్టూ అంటే మనకి చులకన. ఒకప్పుడు ఒక బోల్టు నట్టు ఇంకో బోల్టుకి పట్టేది కాదు. 1800 ప్రాంతాల లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేతు చేసి ఆ చిక్కు విప్పడం మొదలెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో అందరికీ ఒకే కొలత మరలుండాలన్నాడు.

లేతులో ఉలిని జరిపేది కూడా పొడుగాటి మరే. అది నట్టుతో ఒరుసుకుని అరిగితే సందు పడుతుంది. సందు పడితే పిడి తిప్పినా ఉలి వెంటనే కదలదు. చేయి తిరిగిన పనివాడు ఆ తేడా మనసులోనే లెక్కేసి సర్దుకునేవాడు. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో అంకెల ఆజ్ఞలతో నడిచే మిషను వచ్చింది. దానికి అంకెలు తెలుసుగానీ చేతివాటం తెలీదుగా!

మందు కార్ల దగ్గర దొరికింది. 1940లోనే జనరల్ మోటార్సు వారు స్టీరింగులో మరకీ నట్టుకీ మధ్య ఉక్కు గుండ్లు పెట్టారు. సైకిలు షాపువాడు "బాల్సు మార్చాలమ్మా" అంటాడే, అలాంటివే. అవి దొర్లుతూ నట్టు చివరిదాకా వెళ్ళి, ఓ గొట్టం దారిన మళ్ళీ మొదటికొస్తాయి, గిరిప్రదక్షిణ భక్తుల్లా. అదే బాల్ స్క్రూ. పెట్టిన శక్తిలో నూటికి 90 పాళ్ళు పనికొస్తుంది. మామూలు మరలో తరచు సగమైనా దక్కదు.

అయితే అన్నిటికీ అదే కొంటే పోలా? ఆగండి. లారీ కింద జాకీ జారకుండా నిలిచేది రాపిడి పుణ్యానే. బాల్ స్క్రూకి ఆ పట్టు లేదు. నిలువుగా బిగించి, బ్రేకు పెట్టకపోతే, కరెంటు పోయిన క్షణాన మీది బరువు దానంతటదే దిగిపోతుంది. కింద ఎవరి చెయ్యో ఉండొచ్చు.

ధర సంగతీ చూడాలి. అచ్చుల మధ్య ఒత్తి చేసిన చవక రకంలో 300 మి.మీ. దూరానికి 0.05 మి.మీ. దాకా తేడా రావచ్చు. సానబట్టిన ఖరీదైన రకంలో అది 0.018కీ, అంతకన్నా తక్కువకీ దిగుతుంది. 1943లో సికింద్రాబాదులో మొదలైన మన ప్రాగా టూల్సు సానబట్టే మిషన్లనే తయారుచేసింది.

చూశారా చిత్రం! రాపిడిని తప్పించుకునే మరకి ఆ నునుపు వచ్చేది సాన మీదే. ఎక్కడ వద్దో తెలిసినవాడికే, ఎక్కడ కావాలో కూడా తెలుస్తుంది.