కండకూ కడుపుకూ లంకె: యల్లాప్రగడ సుబ్బారావు

దీర్ఘకాలం కడుపు జబ్బుతో బాధపడి కోలుకున్న పెద్దలు “విరేచనాలు కట్టాయి గానీ కాళ్ళలో సత్తువ రాలేదు” అనడం మనం తరచు వినేదే. ఈ రెండింటి సంబంధం తెలియాలంటే ఒక తెలుగు శాస్త్రవేత్త చరిత్ర చెప్పుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తిన్నది ఒంటికి పట్టనీయక మనిషిని ఎముకల గూడుగా మార్చే ‘స్ప్రూ’ వ్యాధికి ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో బలయ్యారు. అదే జబ్బు ఆయననూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

అమెరికా చేరిన సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధించారు. కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏటీపీని 1929లోను వెల్లడించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. బనగానపల్లె సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమైన 1948లోనే ఆయన న్యూయార్కులో కన్నుమూశారు.

అయితే మాత్రతోనే కండ తిరిగి రాదు. పేగు పోషకాలను పీల్చుకోలేనప్పుడు, లోపల వాపు కొనసాగేటప్పుడు శరీరం తన కండరాలలోని మాంసకృత్తులనే కరిగించి వాడుకుంటుంది. మంచం పట్టడం వల్ల ఆ నష్టం ఇంకా పెరుగుతుంది.

ఆరోగ్యవంతునికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని భారత వైద్య పరిశోధన మండలి అంచనా. పేగువాపు ముదిరి ఉన్నప్పుడు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలని ఐరోపా పోషణ నిపుణుల సూచన. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. 30 గ్రాముల కందిపప్పులోనూ దాదాపు అంతే. ఒక్కపూటే కాక మూడుపూటలా పప్పు, పెరుగు, గ్రుడ్డు పంచుకొని తినాలి. జబ్బు తిరగబెట్టినప్పుడు జొన్నరొట్టె మాని మెత్తని అన్నం తినడం మేలు. పాలు పడనివారికి పెరుగు పడవచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు.

నడక మంచిదే గానీ కండకు బరువు కూడా తగలాలి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు ఎత్తడం వారానికి రెండు రోజులైనా చేయాలి. జ్వరం, రక్తవిరేచనాలు ఉంటే మానాలి.

ఇంకొక హెచ్చరిక. బి12 లోపమున్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం మెరుగైనట్టు కనిపించినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కనుక రక్తపరీక్ష చేయించుకున్నాకే మాత్ర వేసుకోవాలి.

నెలకోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే 3 కిలోలు తగ్గితే వయసు మీదికి నెట్టివేయక వైద్యునికి చూపించాలి. సుబ్బారావుగారి సోదరులకు దక్కని అవకాశం మనకు ఉంది. దానిని సద్వినియోగం చేసుకుందాం.