సూపులో గోళీలు

మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం మా అమ్మాయి సూపు పాకెట్టు ఒకటి తెచ్చింది. పైనున్న ఫొటో చూస్తేనే నోరూరింది. కేరట్ ముక్కలూ, బఠాణీలూ, బీన్సూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గిన్నె నిండా పైకి తేలి ఉన్నాయి. వెనకాల రాసినట్టే నీళ్ళు కొలిచి పోసి, గడియారం చూస్తూ మరిగించాను. తీరా గిన్నెలో పోస్తే పల్చటి పసుపుపచ్చ నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. గరిటెతో దేవితే అడుగున నాలుగు ముక్కలు దొరికాయి.

"ఏమిటమ్మా, బొమ్మలోలా రాలేదే?" అంది మా అమ్మాయి.

నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్న చెయ్యి! నీళ్ళు ఎక్కువయ్యాయేమో, మంట ఎక్కువైందేమో అనుకున్నానే గాని, తప్పు ఆ బొమ్మదేమో అనుకోలేదు. మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే అయివుంటుంది. బొమ్మను నమ్మి మన చేతిని అనుమానించుకోవడం ఎప్పుడు మొదలైందో!

ఒకప్పుడు ప్రకటనల్లో చేత్తో గీసిన బొమ్మలే ఎక్కువ. గీసిన బొమ్మని ఎవరూ పూర్తిగా నమ్మరు. చిత్రకారుడు కాస్త రంగు ఎక్కువ పులిమాడులే అని సరిపెట్టుకుంటారు. ఫొటో అలా కాదు. కళ్ళారా చూసినట్టే ఉంటుంది. 1920ల్లో అమెరికాలో ప్రకటనలు తయారుచేసే కంపెనీలు ఈ కిటుకు బాగా పట్టుకున్నాయి. 1923లో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే పేరుమోసిన ఫొటోగ్రాఫరు, జె. వాల్టర్ థాంప్సన్ కంపెనీ తరఫున, జెర్గెన్స్ అనే చేతుల లోషన్ కోసం ఒక ఫొటో తీశాడు. అందులో సింగారించుకున్న సుందరి లేదు. బంగాళాదుంపల చెక్కు తీస్తున్న రెండు చేతులు, అంతే! ఆ చేతులు హెలెన్ రీజర్‌వి. కంపెనీ అధ్యక్షుడి భార్య. ప్రకటనలు రాయడంలో తనూ ఆరితేరిన మనిషి. ఆ ఫొటోలో దుంపా నిజమే, చెయ్యీ నిజమే.

తర్వాత వచ్చిన దుంప సంగతి వేరు. స్టూడియో దీపాల వేడికి ఐస్‌క్రీమ్ ఇట్టే కరిగిపోతుంది. అందుకని ఉడికించి మెదిపిన బంగాళాదుంప ముద్దని గిన్నెలో పెట్టి, ఐస్‌క్రీమ్ అనిపించే ఉపాయం కనిపెట్టారు. ఇది మోసమా, అవసరమా? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందంటే నమ్ముతారా?

అసలు కేసు మగవాళ్ళ గడ్డం క్రీముది. రాపిడ్ షేవ్ టీవీ ప్రకటనలో గరుకు కాగితానికి క్రీము రాసి, వెంటనే రేజరుతో గరుకంతా నున్నగా గీసి చూపించారు. నిజానికి ఆ కాగితం 80 నిమిషాలు నానితే గాని లొంగదు. పైగా కెమెరా ముందున్నది కాగితమే కాదు, ఇసుక అంటించిన ప్లాస్టిక్ పలక! 1965లో కోర్టు అది మోసమేనంది. ఆ తీర్పులోనే దుంప ఐస్‌క్రీమ్ మాట కూడా వచ్చింది. దృశ్యంలో ఏదో ఒక వస్తువుగా ఉంటే ఫరవాలేదు. "మా ఐస్‌క్రీమ్ ఎంత చిక్కగా, ఎంత రంగుగా ఉందో మీరే చూడండి" అంటూ ఆ దుంపనే చూపిస్తే మాత్రం తప్పు. అలంకారం వేరు, సాక్ష్యం వేరు అన్నమాట. పెళ్ళిచూపులకి పట్టుచీర కట్టుకోవడం వేరు, అక్కని చూపించి చెల్లెల్ని కట్టబెట్టడం వేరు కాదూ!

ఇక నా సూపు గిన్నెకొస్తాను. క్యాంప్‌బెల్ కంపెనీ సూపు ప్రకటనల కోసం గిన్నె అడుగున రంగులేని గాజుగోళీలు వేశారు. ముక్కలు మునిగిపోకుండా ఆ గోళీల మీద నిలబడి పైకి కనిపిస్తాయి. చూసేవాళ్ళకి గిన్నెనిండా ముక్కలే! అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, ఇకముందు అలా చేయబోమని 1970లో కంపెనీ ఒప్పుకుంది. కొందరు లా విద్యార్థులు మాత్రం అంతటితో ఊరుకోలేదు. పొడి అక్షరాలు కలిపితే 'సూప్' అని వచ్చేలా ఒక సంఘం పెట్టుకుని, ఇన్నాళ్ళూ చేసిన పని కూడా జనానికి చెప్పాలని పట్టుబట్టారు. ఆ కేసులో వాళ్ళ కోరిక తీరలేదు గాని, తప్పు చెప్పినవాళ్ళ చేతనే దిద్దుబాటు ప్రకటన వేయించే పద్ధతి తర్వాత అమల్లోకి వచ్చింది.

మన దేశంలో 1985లో ప్రకటనల రంగంవాళ్ళే ఒక ప్రమాణాల మండలి పెట్టుకున్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మంచిదే. కాని పొయ్యి దగ్గర నిలబడి "తప్పు నాదేనేమో" అని మనసులో కుంచించుకుపోయే ఆడదాన్ని ఏ చట్టం ఓదారుస్తుంది? ఆ గోళీల కథ తెలిసి ఉంటే ఆ ఆదివారం మా అమ్మాయికి జవాబు చెప్పి ఉండేదాన్ని.

మిగిలిన సూపులో మర్నాడు రెండు కేరట్లు తరిగి, గుప్పెడు బఠాణీలు వేసి మరిగించాను. ముక్కలన్నీ బుద్ధిగా మునిగే ఉన్నాయి. మా అత్తగారు చెంచాతో దేవి చూసి, "అడుగున బోలెడున్నాయే అమ్మాయ్!" అన్నారు.

ఈసారి నాకు సిగ్గెయ్యలేదు.