గోదావరి ఆనకట్ట చెప్పే పాఠం

"సర్కారు కోట్లు పోసి కట్టే ఈ కట్టలవల్ల మనకేమిటండీ లాభం?" అని మొన్న ఒక పెద్దాయన నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ధవళేశ్వరం చరిత్రలో ఉన్నది.

1832-33లో వచ్చిన నందన కరువును మన పెద్దలు డొక్కల కరువన్నారు. గుంటూరు జిల్లాలో 5 లక్షల జనంలో సుమారు 2 లక్షలమంది చనిపోయారు. గోదావరి జిల్లా కూడా ఆ రోజుల్లో కరువులతో చితికిపోయింది. చిత్రమేమంటే, గోదావరి మాత్రం ఏటేటా పొంగి సముద్రంలో కలుస్తూనే ఉండేది!

నీటి విలువ రైతుకు తెలియక కాదు. ఒక రైతు బావి తవ్వుకోగలడు. ఊరంతా కలిస్తే చెరువు కట్టుకోగలదు. మైళ్ల వెడల్పున్న ఏటికి అడ్డుకట్ట వెయ్యడం ఏ ఊరి తరం? ఏ షావుకారు అప్పిస్తాడు? ఫలితం ఏళ్లు గడిస్తే గాని రాదు. వచ్చినా వేలమందికి పంచుకుపోతుంది. అటువంటి పనికి ఖజానాయే దిక్కు.

కొల్లడం నదిమీద 1836లో ఆనకట్టలు కట్టించిన ఆర్థర్ కాటన్ దొర, గోదావరికీ అదే మార్గమని వాదించాడు. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసింది. మన వీణెం వీరన్నగారు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. కుంఫిణీవారు దయతలచి డబ్బివ్వలేదు సుమండీ, శిస్తు పెరుగుతుందన్న లెక్కతోనే ఇచ్చారు. అయినా పొలానికి నీరు వచ్చింది. ఆ పాత కట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి నిలిచింది. ఈనాడు దానికింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఖజానా డబ్బు కాలువ దాకా వస్తుంది. తూము దాటాక పంటబోదె మనది. నేను పనిచేసిన ఒక శివారు గ్రామంలో బోదెలు పూడిపోయి, పైవాళ్ల చేలల్లో నీళ్లు నిలిచి, కిందివాళ్ల నారుమళ్లు ఎండాయి. తగవులు పడ్డారు. చివరకు ఇంటికొక మనిషి చొప్పున పార పట్టి పూడిక తీశారు. శివారుకు నీరు చేరింది. మురుగు కాలువ సంగతీ అంతే. నీరు రావడం ఎంత ముఖ్యమో, పోవడమూ అంత ముఖ్యం.

అందుచేత, ఆ పెద్దాయనకు చెప్పినమాటే మీకూ చెబుతున్నాను. ఒక్కరివల్ల కాని పనికి ప్రజల డబ్బు పెట్టమని అడగండి. పెట్టినదాని లెక్కా అడగండి. కాలువకు నీళ్లు వదిలేలోగా మీ బోదెను మాత్రం మీరే ఒకసారి చూసుకోండి.