నల్లమందు నుండి నొప్పి తాళం దాకా



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరగానే, పద్మనాభం వాడిని గనుక నేను పద్మనాభ యుద్ధం గురించే రాస్తానని కొందరు అనుకుని ఉంటారు. 1794 జూలై 10న ఇక్కడ కంపెనీ సేనల చేతిలో విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు గారు నేలకొరిగిన సంగతి అందరికీ తెలిసినదే. నేను రాయదలచినది దానికంటే పాత చరిత్ర, నొప్పి చరిత్ర. ఆ యుద్ధం నాటికి మార్ఫిన్ అనే పేరే లోకంలో లేదు. తీవ్రమైన బాధకు వైద్యులెరిగిన గట్టి మందు నల్లమందే. మరో పదేళ్ళు గడిచాక జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే యువకుడు నల్లమందు నుండి దాని సారాన్ని వేరు చేశాడు. అదే మార్ఫిన్.

మన జిల్లాకు నల్లమందు కొత్త కాదు. మన్యంలో చలిజ్వరానికి విరుగుడని తినేవారు. పసిపిల్లలు ఏడవకుండా నిద్రపోవాలని ఆవగింజంత పెట్టే తల్లులు ఉండేవారు. తెల్లదొరలు 1878 చట్టం కింద అంగళ్ళకు లైసెన్సులిచ్చి, దాని మీద ఆదాయం రాబట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక దశలవారీగా తగ్గించి, 1959లో వైద్యానికి తప్ప మిగతా వాడకాన్ని ఆపివేశారు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది.

ఈ చట్టం ఉద్దేశం మంచిదే. కానీ లైసెన్సుల పని చూసే ఒక కార్యాలయంలో గుమాస్తాగా నేను చూసినది చెబుతాను. మార్ఫిన్ మాకు మందు కాదు, రిజిస్టరులో గ్రాములూ మిల్లీగ్రాములూ. ఒక ఆసుపత్రి కొద్దిపాటి మాత్రలు తెప్పించుకోవాలన్నా నాలుగైదు అనుమతులు కావాలి. చివరిది చేతికందేసరికి మొదటిదాని గడువు తీరేది. దానితో ఆసుపత్రులే అడగడం మానుకున్నాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో గసగసాల పంట పండించి, లోకానికి నల్లమందు అమ్మే దేశం మనది. ఆ దేశంలోనే మార్ఫిన్ వాడకం 1985 తరువాత పన్నెండేళ్ళలో 90 శాతానికి పైగా పడిపోయింది.

1996లో మా పెద్దన్నయ్యకు దవడ క్యాన్సర్ వచ్చింది. వైద్యం చేసిన చోట మార్ఫిన్ మాత్ర లేదు, లైసెన్సు లేదన్నారు. చివరి అయిదు వారాలు ఆయన పడుకోలేదు, ఎవరినీ పడుకోనివ్వలేదు. మా వదినగారు ఒకే మాట అడిగేవారు: “ఇన్ని మందులు కనిపెట్టారు, నొప్పికి ఒక్క మందు లేదా మరిదీ?” మందు ఉంది. అందలేదు. అలవాటు పడతారన్న భయం దాన్ని అందనివ్వలేదు. అయితే అలవాటు చేయని మందు తయారు చేయలేరా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ, పదవీ విరమణ తరువాత గ్రంథాలయంలో చదివినదీ, మనవరాలి చేత చెప్పించుకున్నదీ కలిపి రాస్తున్నాను.

మార్ఫిన్ ఇంత కొంచెం ఇస్తే అంత పని ఎలా చేస్తుంది? మెదడు కణాల మీద దాని కోసమే ఒక తాళం ఉండి తీరాలని శాస్త్రజ్ఞులు ఊహించారు. దానిని గ్రాహకం అంటారు. 1973లో అమెరికాలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ గార్లు రేడియోధార్మిక గుర్తు పెట్టిన నాలోక్సోన్ అనే మందుతో ఎలుక మెదడులో ఆ తాళం ఉందని నిరూపించారు. అదే ఏడాది న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్ కూడా విడివిడిగా అదే తేల్చారు. భగవంతుడు గసగసాల కోసం మన తలలో తాళం పెట్టడు గదా! 1975లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ గార్లు అసలు తాళంచెవిని కనుగొన్నారు. మన ఒళ్ళే తయారు చేసుకునే నొప్పి మందు అది. పేరు ఎన్కెఫలిన్.

తాళం ఒకటి కాదనీ, మ్యూ, డెల్టా, కప్పా అని మూడు రకాలున్నాయనీ త్వరలోనే అర్థమైంది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. కొత్త మందును పరీక్షించాలంటే గినీపంది పేగు ముక్క మీదనో, నూరిన ఎలుక మెదడు మీదనో చూడాలి. అందులో వేర్వేరు తాళాలు కలగలిసి ఉంటాయి. పైగా అది ఎలుకది, మనిషిది కాదు.

ఈ చిక్కు విప్పినది 1992లో. అమెరికాలో క్రిస్ ఎవాన్స్ బృందం, ఫ్రాన్సులో బ్రిజిట్ కీఫర్ బృందం ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా డెల్టా తాళం జన్యువును పట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, జన్యువు రికార్డు రూములోని అసలు దస్తావేజు. దాని నకలు తీసి, ఆ తాళం లేని కణంలో పెడితే, కణం ఆ నకలు చదివి తాళం తయారు చేస్తుంది. వాళ్ళు వేలకు వేల నకళ్ళు కోతి మూత్రపిండ కణాలలో పెట్టి, ఏ కణాలు గుర్తు పెట్టిన మందును పట్టుకున్నాయో చూసి, వడకడుతూ వచ్చి, చివరికి అసలుదాన్ని చేరారు. రికార్డు రూములో ఒక్క కాగితం కోసం కట్టలు విప్పినవారికి ఆ శ్రమ తెలుస్తుంది. 1993లో మ్యూ, కప్పా కూడా దొరికాయి. తరువాత మనిషి జన్యువులూ వచ్చాయి.

దీనితో పరీక్ష పద్ధతే మారింది. చిన్న గుంటలున్న పళ్ళెంలో ఒక్కో గుంటలో ఒకే రకం మానవ తాళం ఉన్న కణాలు పోస్తారు. గుర్తు పెట్టిన తెలిసిన మందు వేసి, దానితోపాటు కొత్త పదార్థం వేస్తారు. కొత్తది పాతదాన్ని ఎంత తక్కువ మోతాదుతో పక్కకు నెడితే, తాళానికి అంత గట్టిగా పట్టినట్టు. పట్టగానే సరిపోదు, తాళం తిప్పిందా, ఊరికే అడ్డం పడిందా అన్నది రెండో పరీక్ష. మార్ఫిన్ తిప్పుతుంది, నాలోక్సోన్ అడ్డం పడుతుంది. అందుకే మార్ఫిన్ ఎక్కువై ఊపిరి ఆగబోయేవారికి నాలోక్సోన్ ప్రాణదాత. ఈ పద్ధతిలో వేల పదార్థాలను వడపోయవచ్చు, పనికిరానివి ముందే పక్కన పడతాయి.

మన తెలుగునాట కూడా ఈ విద్య ఉంది. 1989లో స్థాపించిన హైదరాబాదు సంస్థ సువెన్ ఇలాగే సెరటోనిన్ గ్రాహకాలలో ఒకదానికి సరిపోయే మాసుపిర్డిన్ అనే అణువును తయారు చేసింది. మతిమరుపు వ్యాధిలో దాని రెండో దశ ప్రయోగం 2019లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అయినా వదలక, అదే రోగులలో కలిగే ఆందోళన తగ్గించడానికి పరీక్షలు కొనసాగించారు. తాళానికి సరిపోయిన ప్రతి చెవీ రోగికి మందు కాదని ఇది చెబుతోంది.

నొప్పి విషయంలోనూ అంతే. 1996లో కీఫర్ బృందం మ్యూ తాళం లేని ఎలుకలను సృష్టించింది. వాటికి మార్ఫిన్ ఇస్తే నొప్పీ తగ్గలేదు, అలవాటూ పడలేదు. అంటే ఉపశమనం, వ్యసనం రెండూ ఒకే తలుపు గుండా వస్తున్నాయి. తలుపు దాటాక దారులు వేరు చేయవచ్చనే ఆశతో వచ్చిన ఆలిసెరిడిన్‌కు 2020లో అమెరికా అనుమతి లభించింది. దానికీ వ్యసనం, ఊపిరి గురించిన హెచ్చరికలు తప్పలేదు. అయితే శ్రమ వృథా కాలేదు. మెదడులోకి పెద్దగా పోకుండా, బయటి కప్పా తాళం మీదనే పనిచేసే డిఫెలికెఫాలిన్ 2021లో అనుమతి పొందింది. అది డయాలసిస్ రోగుల దురదకు మందు. ఆ దురద ఎరిగిన కుటుంబాలు మన సంఘంలోనూ ఉన్నాయి.

కనుక మా వదినగారి ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా రాలేదు. క్యాన్సర్ తీవ్ర బాధకు పాత మార్ఫినే ఇప్పటికీ ముఖ్యమైన ఆధారం. ఈ మధ్యలో చట్టం మారింది. 2014 సవరణ, ఆ మరుసటి ఏడాది నిబంధనల ప్రకారం మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా ప్రకటించారు. గుర్తింపు పొందిన వైద్య సంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కరి అనుమతి చాలు. ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరిగే ఫైలు ఒక్క బల్ల మీదికి వచ్చిందో, గుమాస్తాగా పనిచేసినవాడికే తెలుస్తుంది.

మిత్రులకు నా మనవి ఇది. ఇంట్లో ఎవరికైనా తీరని నొప్పి ఉంటే, ఓర్చుకోమని చెప్పకండి. ఉపశమన వైద్యం ఎక్కడ దొరుకుతుందో డాక్టరు గారిని నోరు విప్పి అడగండి. మార్ఫిన్ రాశారంటే చివరి రోజులు వచ్చాయని అర్థం కాదు. అలాగని ఒకరికి రాసిన ట్రమడాల్ మాత్ర పక్కింటివారి మోకాలి నొప్పికి ఇవ్వకండి. అది కూడా ఆ తాళమే తిప్పుతుంది, 2018 నుండి అదీ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. మోతాదు, వేళ డాక్టరు చెప్పినట్టే పాటించండి, మిగిలిన మాత్రలు పిల్లలకు అందనివ్వకండి.

మా అన్నయ్యకు అందనిది మీ ఇంటివారికి అందాలని కోరుతూ, సెలవు.

— విశ్రాంత గుమాస్తా, పద్మనాభం