ఎడమ దిక్కు సాఫ్

వంగపల్లి దాటేసరికి చీకటి పడింది. గుట్టకు పోయి నరసింహస్వామి దర్శనం చేసుకొని ఆలేరుకు తిరిగి వస్తున్నాం. స్టీరింగ్ దగ్గర బావ, పక్కన అక్క, ప్రసాదం సంచి ఒళ్లో పెట్టుకొని వెనక సీట్లో నేను. ఆలేరు దగ్గర పడ్డది. హైవే దిగి సర్వీసు రోడ్డులోకి మళ్లాలి.

బావ ఎడమ అద్దం చూశాడు. ఖాళీ. ఇండికేటర్ వేశాడు. అంతదాకా దారి చూపిస్తున్న మ్యాపు పోయి తెర మీద బొమ్మ వచ్చింది. మా వెనక తలుపును రాసుకుంటుందా అన్నంత దగ్గరగా ఒక మోటార్‌సైకిల్. రెండు పక్కలా పాల క్యాన్లు. ట్యాంకు మీద నాలుగేళ్ల పిల్లగాడు, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకొని. బండికి హెడ్‌లైటు లేదు.

అక్క నోరు తెరిచేలోపే బావ కాలు బ్రేకు మీద పడింది. ప్రసాదం సంచి నా ఒళ్లోంచి జారి కింద పడింది. బండి మమ్మల్ని దాటి నిమ్మళంగా పోయింది. ఆ తండ్రి తిరిగి కూడా చూడలేదు. పిల్లగాడి తల వెనకభాగం, క్యాన్ల మీద మెరిసిన మా కారు వెలుగు ఇప్పటికీ నా కళ్లలోనే ఉన్నాయి.

కారు పక్కకు ఆపి బావ చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు.

“అద్దంల లేడు. ఒట్టు, అద్దంల లేడు” అన్నాడు.

నిజమే. డ్రైవర్‌కు అవతలి పక్క అద్దం సాధారణంగా చూపించేది 18 నుంచి 22 డిగ్రీల మేర మాత్రమే. అద్దం కింద అమర్చిన కెమెరా దాదాపు 80 డిగ్రీల దాకా చూపిస్తుంది. హోండా సంస్థ లేన్‌వాచ్ అనే పేరుతో దీన్ని 2012లో అమెరికాలో అకార్డ్ కారుతో తెచ్చినప్పుడు చెప్పిన లెక్క ఇది. వెనక బండి ఎంత దూరంలో ఉందో తెలిసేందుకు తెర మీద మూడు గీతలు కూడా గీశారు. మన దేశంలో 2019 సివిక్‌లో, 2020 సిటీలో ఇది ఉంది.

బావకు ఈ సంగతులు అక్కర్లేదు. ఆయన పద్దెనిమిదేళ్లప్పుడు లారీ క్లీనర్. ఎడమ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, ఆపమంటే ఒక తీరుగా, పొమ్మంటే ఒక తీరుగా తలుపు మీద చరిచేవాడు. డ్రైవర్ ఆ చప్పుడు నమ్ముకొని స్టీరింగ్ తిప్పేవాడు. “అప్పట్ల కెమెరా అంటే నేనే” అన్నాడు ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని. ముద్ద మాత్రం దిగలేదు.

అంత నమ్మిన కెమెరాతోనే మరో గండం వచ్చింది. నెల తిరగకముందే భువనగిరి వైపు పోతూ ముందున్న ట్రాక్టర్‌ను దాటబోయి బావ కుడికి జరిగాడు. తెర వైపు చూడటం అప్పటికి అలవాటైపోయింది. కుడివైపు బొమ్మ రాదు; కెమెరా ఉన్నదే ఎడమకు. లారీ హారన్ చెవిలో మోగేదాకా మాకు తెలియలేదు. తప్పు బావదే, తానే ఒప్పుకున్నాడు.

ఈ పద్ధతి వెనకబడటానికి మూలం కూడా అక్కడే ఉంది. ఒక పక్కే చూస్తుంది. చూడాలంటే చూపు రోడ్డు మీదినుంచి తెరకు మళ్లాలి. బొమ్మ చూపిస్తుందే తప్ప హెచ్చరించదు. రాడార్ అయితే రెండు పక్కలా కాపలా కాస్తుంది, వెనక్కి తీసేటప్పుడు అడ్డంగా వచ్చే బండినీ పసిగడుతుంది. వోల్వో సంస్థ 2005 ప్రాంతంలో అద్దాల్లో కెమెరాలు పెట్టి, అవి బండిని గుర్తిస్తే దీపం వెలిగేలా చేసింది. తర్వాత అదీ రాడార్‌కే మారింది. అమెరికాలో హోండా 2018 అకార్డ్ నుంచి లేన్‌వాచ్ తీసేసి రాడార్ పెట్టింది. ఇక్కడ మాత్రం 2023 ఎలివేట్‌లో, 2024 చివర వచ్చిన అమేజ్‌లో కెమెరాను ఉంచింది. ఎడమనుంచి దూరే బండ్లు మన రోడ్ల మీద ఎన్నో చూస్తున్నాం కదా, ఉంచడమే న్యాయం అంటాను. హ్యుందాయ్, కియా మరో అడుగు వేశాయి. 2024 క్రెటాలో ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ డయల్‌లో, కుడిది వేస్తే కుడి డయల్‌లో, డ్రైవర్ కళ్లెదురుగానే బొమ్మ వస్తుంది. కాకపోతే పై రకాలకే ఆ భాగ్యం. పాల బండి పిల్లగాడు ఏ రకం కారు పక్కన వస్తాడో ఎవరు చెప్పగలరు?

బావ పోయిన ఏడు కారు మార్చాడు. కొత్తదానికి కెమెరా లేదు. అద్దం మూలన చిన్న దీపం, దాంతోపాటు కీచుమనే చప్పుడు. ఊళ్లో సందు సందుకూ అది మోగుతుంటే వారం తిరక్కుండానే చప్పుడు ఆపేయించాడు. దీపం ఏదో ఉందంటుంది. ఆ ఏదో ఏమిటో చెప్పదు. మనిషా, గోడా, బర్రెనా? పాత తెర మీద నాకు పిల్లగాడి చేతులు కనిపించాయి.

మొన్న అదే మలుపు. మళ్లీ చీకటి. ఇండికేటర్ వేయగానే దీపం వెలిగింది. అద్దంలో ఏమీ లేదు. బావ బ్రేకు మీద కాలుంచి అక్క వైపు చూశాడు.

“ఏమున్నది?”

అక్క కిటికీ దించి, మెడ బయటపెట్టి చూసింది.

“ఆగు. సైకిల్. ముసలాయన, నెత్తిన గడ్డిమోపు... ఇంకా ఆగు.”

సైకిల్ మెల్లగా ముందుకు పోయింది. అక్క ఇంకోసారి వెనక్కి చూసి, తలుపు మీద అరచేత్తో రెండుసార్లు చరిచింది.

“సాఫ్ ఉంది. పోనీ.”