ఇంగ్లీషు వాక్యం: ఎక్కడ పూర్తవుతుంది?

సూరత్ మరమగ్గాల పరిశ్రమను నమ్ముకొని స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు అనేకం. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఈ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ. పై చదువుకూ ఉద్యోగ దరఖాస్తుకూ ఇంగ్లీషు కావాలి. అందులో వాక్యం ఎక్కడ పూర్తయిందో పోల్చుకోవడం తెలుగువారికి కష్టమే.

కారణం మాతృభాషలోనే ఉంది. ‘మా నాన్న నేత కార్మికుడు’ అన్నది క్రియ లేకున్నా సంపూర్ణ వాక్యం. ‘వచ్చాడు’ అన్నా వాక్యమే. ఇంగ్లీషులో ఆజ్ఞార్థకాలను మినహాయిస్తే కర్త, సమాపక క్రియ రెండూ ఉండాలి. ‘మై ఫాదర్ ఎ వీవర్’ అనేది శకలం. ‘ఈజ్’ చేరితేనే వాక్యం.

ఫ్రేజ్ అంటే పదబంధం. ‘ఇన్ ద మిల్’ వంటి వాటిలో కర్త, క్రియల జంట ఉండదు. క్లాజ్ అంటే ఉపవాక్యం. అందులో ఆ జంట ఉంటుంది. ‘ద లూమ్ స్టాప్డ్’ స్వతంత్రంగా నిలుస్తుంది. ‘బికాజ్ ద లూమ్ స్టాప్డ్’ నిలవదు.

‘మగ్గం ఆగినందువల్ల’ అన్నప్పుడు అసంపూర్తి అన్న సూచన చివర వినిపిస్తుంది. ఇంగ్లీషులో అది మొదటనే వస్తుంది. చివర క్రియ పూర్తయినట్లే తోస్తుంది. పొరపాటు జరిగేది అక్కడే. ‘వియ్ లాస్ట్ ఎ డేస్ పే’ అని చేర్చినప్పుడే అర్థం ముగుస్తుంది.

కనుక చుక్క పెట్టే ముందు చూడవలసినవి మూడు: కర్త ఉన్నదా? కాలం తెలిపే క్రియ ఉన్నదా? మొదట ‘బికాజ్’, ‘ఇఫ్’, ‘వెన్’ ఉంటే, ప్రధాన వాక్యం తోడున్నదా?