బెజవాడ వకీలు, కాశీ బాటసారి

కొత్త బండి కొన్నవాళ్లు ముందు పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి వస్తారు. ట్రాక్టరైనా, కారైనా, మిర్చి యార్డుకు తోలే లారీ అయినా సరే, ఇక్కడ పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే రోడ్డెక్కాలి. ఆ రోడ్డు కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి. 1831లో ఓ వందమంది మనుషులు కూడా కలకత్తా నుంచే చెన్నపట్నం బయలుదేరి, కోస్తా వెంబడి దిగుతూ ఈ గుంటూరు సీమలోంచే వెళ్లారు. వాళ్ల పెద్ద పేరు ఏనుగుల వీరాస్వామయ్య.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. సాక్షి తెలుగులోనో అరవంలోనో చెప్పిన మాటను దొర జడ్జికి ఇంగ్లీషులో వినిపించడం ఉద్యోగం. సొంత కవిత్వానికి అక్కడ చోటు లేదు. యాభై ఏళ్ల వయసులో సెలవు పెట్టి, 1830 మే 18 మంగళవారం రాత్రి 9 గంటలకు పట్నం వదిలి కాశీకి బయలుదేరాడు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవాళ్లు, వెంట ఇంటి ఆడవాళ్లు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా పైకి వెళ్లి, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూసుకుని, జగన్నాథం మీదుగా కోస్తా పట్టుకుని దిగాడు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పదిహేను రోజులు!

దారి పొడుగునా రాసుకుంటూ వచ్చాడు. ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఏ వాగు దాటడం కష్టం, ఊరి మనుషుల నడవడి ఎలాంటిది, అన్నీ. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె ఆ రాతలన్నీ దాచాడు. 1836లో వీరాస్వామయ్య పోయారు. రెండేళ్లకు, 1838లో, పిళ్లెగారు 'కాశీయాత్ర చరిత్ర' అచ్చువేయించారు. 1869లో మరో ముద్రణ. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు దాని ఊసెత్తినవాళ్లు తక్కువ.

దాన్ని మళ్లీ జనంలోకి తెచ్చినాయన దిగవల్లి వేంకట శివరావు. 1898లో కాకినాడలో పుట్టి, 1922 నుంచి బెజవాడలో వకీలుగా స్థిరపడ్డారు. పగలు కోర్టు, పొద్దుగూకాక కక్షిదారులు. వాళ్లు లేచి వెళ్లాక బల్ల మీద కొత్త దావా విప్పినట్టు పాత పుస్తకం విప్పడం ఆయనకు అలవాటన్నమాట. వకీలు చూపు వేరు. సాక్షి ఎవరు? కళ్లారా చూశాడా, ఒకరు చెప్పగా విన్నాడా? ఆ తేదీకి ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది? పల్లకీలో కూచుని వచ్చిన మనిషికి మోసేవాళ్ల కష్టం ఎంత తెలుస్తుంది? వీరాస్వామయ్య రాతను ఆయన ఇలాగే పరీక్షకు పెట్టారు. యాత్రికుడి జీవితాన్ని కూర్చి, విపులమైన పీఠికతో 1941లో మూడో కూర్పు తెచ్చారు. ఆ పీఠిక కొన్నిచోట్ల కుంపిణీ పరిపాలనలోకి దారితప్పి చాలాసేపటికి గానీ తిరిగి రాదు. నాకైతే ఆ దారితప్పడమే రుచి.

గొప్పవాళ్ల జీవితాలు, సాహసయాత్రలు జనం కోసం రాసేవాళ్లకు ఓ జబ్బుంది. నాయకుడు నది దాటితే చాలు, తుఫాను తెప్పిస్తారు, పులిని గాండ్రించమంటారు. శివరావు పులి జోలికి పోలేదు. అయినా వీరాస్వామయ్య కృష్ణ దాటడంలో ఉత్కంఠకు కొదవేముంది? వానల నెలల్లో ఆ నది ఎలా ఉంటుందో బెజవాడవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1831లో ఆనకట్ట లేదు, వంతెన లేదు. పల్లకీలు దించాలి, డేరాల మూటలు విప్పాలి, ఆడవాళ్లను ముందు ఎక్కించాలా సామాను ముందు వెళ్లాలా తేల్చుకోవాలి. వందమందీ ఒక్క పడవలో పట్టరు. మొదటి పడవ అవతలి గట్టున దింపి తిరిగొచ్చేదాకా మిగిలినవాళ్లు తడి ఇసుకలో నిలబడాలి. గట్టెక్కాక దక్షిణాన నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే కాలికి అంటుకుని చెప్పును లాగేసే మట్టి. దాంట్లో పల్లకీ మోసిన బోయీల పేర్లు మాత్రం ఏ చరిత్రకూ ఎక్కలేదు.

అప్పటికింకా ఈ సీమకు కరువు రాలేదు. మరుసటి ఏడు నందన. వానలు మొహం చాటేశాయి. కాలవ లేని నేల, ఆకాశం తప్ప ఆసరా లేని రైతు, గాదెలు మూసుకున్న వర్తకులు. 1832-33లో పడిన ఆ కరువును జనం డొక్కల కరువన్నారు, నందన కరువన్నారు. గుంటూరు జిల్లాలో సుమారు అయిదు లక్షల జనాభా ఉంటే, అందులో రెండు లక్షలమంది దాకా పోయారని లెక్కలు చెబుతాయి. బతికినవాళ్లు కొందరు మూటా ముల్లే సర్దుకుని మద్రాసు దారి పట్టారు. బాట పక్కన శవాలను తీసేవాళ్లు కూడా లేని రోజులవి. ఆ కరువులో ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టించినవాళ్లలో వీరాస్వామయ్య ఒకడు. ఏడాది కిందట తాను దాటివచ్చిన ఊళ్లే ఆకలితో కదిలివచ్చాయని ఆయనకు తెలియకుండా ఉంటుందా?

ఈ సంగతి తెలిశాక కాశీయాత్ర చరిత్రలో కోస్తా పేజీలు వేరేగా కనిపిస్తాయి. అంగట్లో ఏం దొరుకుతుందో, ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో మామూలుగా రాసుకుపోయిన వాక్యాలు చివరి వాంగ్మూలాలవుతాయి. మాట్లాడుతున్న మనిషికి ఆ సంగతి తెలియదు, చదువుతున్న మనకు తెలుసు. చరిత్రకారుడు కొత్తగా ఒక్క ముక్క కల్పించనక్కర్లేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు.

శివరావు ఆ రెండో కాగితాన్నీ వదల్లేదు. 'కథలు-గాథలు' పేరుతో ఆయన రాసిన సంపుటాల్లో కుంపిణీ రోజుల జమీందార్లు, కలెక్టర్లు, దుబాసీలతో పాటు ఈ కరువూ ఉంది. పేరు కథలే గానీ కల్పన కాదు. బళ్లో చదువుకున్న ఏ మనిషైనా గుక్కతిప్పుకోకుండా చదివే తెలుగు. కరువు తర్వాత ఇరవై ఏళ్లకు బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1855కల్లా పని ముగిసింది. ఇవాళ కృష్ణ కాలవల కింద వరి వేసేవాళ్లకు నందన పేరు పంచాంగంలో మాత్రమే తెలుసు.

శివరావు 1992 దాకా జీవించారు. ఈ పుస్తకాలు రెండూ వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. గుంటూరు, ప్రకాశం వాళ్లు ముందు 'కథలు-గాథలు'లో కరువు సంగతి చదివి, ఆ తర్వాతే వీరాస్వామయ్యతో కృష్ణ దాటండి. కోస్తా పేజీల్లో బియ్యం, కట్టెలు అని రాసినచోట పేజీ తిప్పబుద్ధి కాదు.